ఒకే తీగ మీద మాట, సమాచారం: డిజిటల్ టెలిఫోన్ వాడదాకా వచ్చిందా?

దళిత అధ్యయనాల పత్రికలో టెలిఫోన్ గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు అడిగారు. భూమి గురించి, కూలిరేట్ల గురించి, రిజర్వేషన్ల గురించి రాస్తాం గాని యంత్రాల గురించి రాయటం మనకు పెద్దగా అలవాటు లేదు. యంత్రాల గురించి రాసేవాళ్లేమో కులం ఊసెత్తరు. తీగ ఎవరి గుమ్మందాకా వచ్చింది, ఆ తీగను పాతటానికి కందకం తవ్విందెవరు, ఎక్స్ఛేంజిలో కుర్చీ ఎవరికి దొరికింది, దెబ్బలు తిన్న రోజు పోలీసులకు కబురు పెట్టటానికి ఎవరింటి గడప తొక్కాల్సి వచ్చింది అనే ప్రశ్నలకు జవాబు కావాలంటే ముందు ఆ యంత్రం ఎట్లా పనిచేస్తుందో మనకు తెలియాలి. సాంకేతిక విషయం గదా అని వదిలేస్తే, "సాంకేతిక కారణాల వల్ల మీ వాడకు ఇవ్వలేం" అని ఆఫీసులో చెప్పిన మాటను నమ్మి తిరిగి రావటం తప్ప మనం చెయ్యగలిగేది వుండదు. అందుకే ఈ వ్యాసంలో సగం ఇంజనీరింగు పాఠం, సగం మన సంగతి.

1980ల్లో టెలిఫోన్ శాఖలన్నీ ఒక పథకం మీద పనిచేశాయి. దాని పేరు ఐ.యస్.డి.యన్., అంటే ఇంటిగ్రేటెడ్ సర్వీసెస్ డిజిటల్ నెట్‌వర్క్. తెలుగులో చెప్పాలంటే అన్ని సేవలనూ కలిపి అంకెల రూపంలో మోసే టెలిఫోన్ వల. అప్పటిదాకా మాటకు టెలిఫోన్ తీగ, తంతికి టెలెక్స్ తీగ, కంప్యూటర్లకు వేరే తీగ వుండేవి. వీటన్నిటికీ కలిపి ఇంటికి ఒకే తీగ చాలన్నది దాని వాగ్దానం. జెనీవాలోని సి.సి.ఐ.టి.టి. అనే అంతర్జాతీయ సంస్థ దీని నియమాలను 1984లో మొదటిసారి, 1988లో మరింత పూర్తిగా ప్రకటించింది. జపాన్ లో 1988లోనే ఈ సేవ మొదలైంది. జర్మనీలో 1989లో మొదలైంది. మన దేశంలో 1990ల రెండో సగంలో పెద్ద పట్టణాల్లో కనబడింది.

మాట అంకె ఎట్లా అవుతుంది?

మనం మాట్లాడితే గాలి కదులుతుంది. పాత టెలిఫోన్ ఆ గాలి కదలికను యథాతథంగా కరెంటు కదలికగా మారుస్తుంది. గొంతు పెరిగితే కరెంటు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. దీన్నే అనలాగ్ అంటారు. ఇందులో ఒక చిక్కుంది. తీగ పొడవు పెరిగేకొద్దీ కరెంటు బలహీనపడుతుంది కాబట్టి మధ్యమధ్యలో దాన్ని పెంచే పరికరాలు పెట్టాలి. అవి మాటతో పాటు తీగ మీద చేరిన గరగర శబ్దాన్ని కూడా పెంచుతాయి. ట్రంకాల్ లో ఇల్లెగిరిపోయేలా అరిచి మాట్లాడిన రోజులు గుర్తున్నవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

డిజిటల్ పద్ధతిలో గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతనూ 256 మెట్లున్న నిచ్చెన మీద దగ్గర్లో వున్న మెట్టుకు చేర్చి, ఆ మెట్టు నంబరును సున్నాలు, ఒకట్లుగా రాస్తారు. 256 మెట్లను గుర్తించటానికి ఎనిమిది సున్నా-ఒకట్లు చాలు. ఒక్కో సున్నాను గాని ఒకటిని గాని బిట్టు అంటాం. సెకనుకు 8,000 కొలతలు, కొలతకు 8 బిట్లు, వెరసి సెకనుకు 64,000 బిట్లు. డిజిటల్ టెలిఫోన్ లోకంలో ఈ 64 వేలు మూలాంకం. మిగతా లెక్కల్లో చాలావరకు దీని గుణకాలే.

8,000 సార్లే ఎందుకు? టెలిఫోన్ మన గొంతులో 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు వుండే భాగాన్ని మాత్రమే తీసుకుంటుంది. ఏ తరంగాన్నైనా పోగొట్టుకోకుండా తిరిగి నిలబెట్టాలంటే దాని అత్యధిక వేగానికి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలవాలని సూత్రం. 3,400కు రెట్టింపు 6,800. కొంత వెసులుబాటు కలుపుకుని 8,000 అన్నారు. ఆ నిచ్చెనలో మెట్లు కూడా సమాన దూరంలో వుండవు. మెల్లగా పలికే గొంతు దగ్గర మెట్లు దగ్గరదగ్గరగా, గట్టిగా పలికే గొంతు దగ్గర దూరదూరంగా పెడతారు. లేకపోతే మెల్లని గొంతు ఆ మెట్ల మధ్య పడి మాయమైపోతుంది. మన దేశం వాడే ఈ కొలతను ఏ-లా అంటారు. (చిన్న గొంతుకు ఎక్కువ చోటివ్వాలన్న ఇంగితం టెలిఫోన్ ఇంజనీర్లకు వుంది, మన అసెంబ్లీలకు లేదు.)

ఈ ఆలోచన కొత్తది కాదు. అలెక్ రీవ్స్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1937లో పారిస్ లో పనిచేస్తూ దీన్ని కనిపెట్టాడు. అప్పటి వాల్వులతో అది గిట్టుబాటు కాలేదు. ట్రాన్సిస్టర్ వచ్చాక 1962లో అమెరికాలో బెల్ కంపెనీ వాడకంలోకి తెచ్చింది. తీగ మీద వచ్చేది సున్నానా ఒకటా అన్నది తెలిస్తే చాలు కాబట్టి దారిలో పెట్టిన పరికరం గరగర శబ్దాన్ని పారేసి, శుభ్రమైన సున్నా-ఒకట్లను మళ్లీ కొత్తగా పంపుతుంది. ఢిల్లీ నుంచి వచ్చిన మాటైనా పక్క వీధి మాటలాగే వినబడటానికి కారణం ఇదే. రెండో లాభం, ఒక తీగ మీద ఎందరినో కూర్చోబెట్టొచ్చు. మన దగ్గర వాడే పద్ధతిలో 32 గదులను వరసగా పేర్చి సెకనుకు 20 లక్షల 48 వేల బిట్లు పంపుతారు. అందులో 30 గదులు మాటలకు, ఒకటి తాళం తప్పకుండా చూసేందుకు, ఒకటి సంకేతాలకు.

ఒకసారి మాట అంకె అయ్యాక, ఆ అంకెల్లో వున్నది గొంతా, ఉత్తరమా, ఫొటోనా అన్నది తీగకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఐ.యస్.డి.యన్. అంతా ఈ ఒక్క విషయం మీద కట్టిందే.

కాట్లు కాసేవాడి అనుమానం

మధ్యలో ఎక్స్ఛేంజి కథ చెప్పకపోతే తర్వాతి విషయం అర్థం కాదు. మొదట్లో ఫోన్ కలపటానికి ఆపరేటర్ వుండేది. ఆమెకు నంబరు చెబితే ప్లగ్గు తీసి కలిపేది. అమెరికాలో ఆల్మన్ స్ట్రోజర్ అని శవ సంస్కారాలు చేసే వ్యాపారి వుండేవాడు. తన కోసం వచ్చే ఫోన్లను ఆపరేటర్ పోటీ వ్యాపారికి కలిపేస్తోందని అనుమానపడి, మనిషి అక్కర్లేని ఎక్స్ఛేంజి కనిపెట్టాడని చెబుతారు. ఆయనకు పేటెంటు 1891లో వచ్చింది. మన దేశంలో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి సిమ్లాలో పెట్టారు, 1913లో, 700 లైన్లతో. సిమ్లాలోనే ఎందుకో చెప్పనక్కర్లేదు, దొరలు వేసవికి అక్కడుండేవాళ్లు.

కాట్లు కాసే పనిని మన దగ్గర ఎవరికి అంటగట్టారో తెలిసిన పాఠకులకు ఈ కథలో ఇంకో సంగతి కూడా కనబడుతుంది. మధ్యలో కూర్చున్నవాళ్ల ఇష్టాయిష్టాల మీద మన మాట ఆధారపడితే ఏమవుతుందో ఆయనకు అనుభవంలోకి వచ్చింది. ఆ మనిషిని తీసేసి యంత్రాన్ని పెట్టాడు. యంత్రం పక్షపాతం చూపదన్నది నిజమే గాని, యంత్రందాకా మన తీగ వెళ్లాలి గదా. అక్కడ మళ్లీ మనుషులే వున్నారు.

స్ట్రోజర్ ఎక్స్ఛేంజిలో వేలకొద్దీ ఇనప చేతులు లేచి తిరిగి కలిసేవి. వాటికి నూనె పెట్టాలి, దుమ్ము తుడవాలి, అరిగినవి మార్చాలి. డిజిటల్ ఎక్స్ఛేంజిలో కదిలేదేమీ లేదు. ఏ గదిలో వచ్చిన అంకెలను ఏ గదిలోకి పంపాలో కంప్యూటర్ చూసుకుంటుంది. మన ప్రభుత్వం 1982లో ఫ్రాన్స్ కంపెనీ అల్కాటెల్ తో ఒప్పందం చేసుకుని, ఉత్తరప్రదేశ్ లోని మన్కాపూర్ లో ఇ-10-బి అనే డిజిటల్ ఎక్స్ఛేంజీల తయారీ మొదలుపెట్టింది. ఏసీ గదులు, నమ్మకమైన కరెంటు కావాల్సిన ఆ యంత్రాలు నగరాలకు సరిపోయాయి. పల్లెల కోసం 1984లో సి-డాట్ అనే సంస్థ పెట్టారు. 36 నెలల గడువు, 36 కోట్ల రూపాయలు ఇచ్చారు. దీనికి ముందు నడిచిన శాం పిట్రోడా ఒరిస్సాలోని టిట్లాగఢ్ లో వడ్రంగి కుటుంబంలో పుట్టినవాడు. చేతిపని కులాలకు బుర్ర వుండదనే పండితులకు ఇదొక జవాబని మేము అనుకుంటాం. ఆయన ఆర్థిక విధానాలతో మాకు పేచీ వున్నా సరే. సి-డాట్ తయారుచేసిన 128 లైన్ల పల్లె ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలైంది. దానికి ఏసీ అక్కర్లేదు. ఎండకూ దుమ్ముకూ తట్టుకునేలా చేశారు. ఆ తర్వాత మన మండల కేంద్రాల్లో ఒక చిన్న గదిలో, బీరువా అంత పెట్టెలో కనబడిన ఎక్స్ఛేంజీల్లో చాలా భాగం ఈ జాతివే.

రెండు బి, ఒక డి

ఎక్స్ఛేంజి లోపల, ఎక్స్ఛేంజీల మధ్య అంతా అంకెలైపోయినా ఇంటినుంచి ఎక్స్ఛేంజిదాకా వున్న రాగి తీగ జత మాత్రం పాత అనలాగ్ పద్ధతిలోనే మిగిలింది. ఐ.యస్.డి.యన్. చేసింది ఆ చివరి తీగను కూడా డిజిటల్ చెయ్యటం. తీగ మారదు, తీగకు రెండు కొసల్లో వుండే పరికరాలు మారతాయి. ఇంటికొచ్చే మామూలు కనెక్షన్ లో మూడు దారులుంటాయి. రెండింటిని బి-చానెళ్లంటారు, ఒక్కొక్కటి 64 వేల బిట్లు. మూడోది డి-చానెల్, 16 వేల బిట్లు. అన్నీ కలిపి సెకనుకు 1,44,000. ఒక బి మీద మాట్లాడుతూ ఇంకో బి మీద ఫ్యాక్సు పంపొచ్చు. లేదా రెండూ కలిపి 1,28,000 బిట్ల వేగంతో కంప్యూటర్ వాడుకోవచ్చు. ఆఫీసులకు 30 బి-చానెళ్లున్న పెద్ద కనెక్షన్ ఇచ్చేవాళ్లు.

మోడెంకూ దీనికీ తేడా చూడండి. మోడెం కంప్యూటర్ అంకెలను కీచుమనే శబ్దంగా మార్చి, అది మాట అని తీగను మోసగించి పంపుతుంది. 1990ల మధ్యలో అది సెకనుకు 28,800 బిట్లు పంపగలిగేది. పది లక్షల అక్షరాల ఫైలును, అంటే 80 లక్షల బిట్లను, మోడెం మీద పంపటానికి నాలుగున్నర నిమిషాలకు పైగా పట్టేది. ఒక బి-చానెల్ మీద రెండు నిమిషాల అయిదు సెకన్లు. నిమిషాల లెక్కన బిల్లు కట్టే రోజుల్లో ఇది చిన్న తేడా కాదు. కమిషన్ కు ఫిర్యాదు ఫ్యాక్సు చెయ్యటానికి యస్.టి.డి. బూత్ ముందు నిలబడి, ఎర్ర అంకెల మీటరు పరుగెత్తుతుంటే జేబు తడుముకున్న కార్యకర్తలు ఈ లెక్కను చప్పున పట్టుకుంటారు.

మోసేది బి అయితే కబురు చెప్పేది డి. ఎవరు ఎవరిని పిలుస్తున్నారు, ఎప్పుడు ఎత్తారు, ఎప్పుడు పెట్టేశారు అన్న సంకేతాలు మాటలో కలవకుండా విడిగా నడుస్తాయి. పిలిచినవాళ్ల నంబరు ఫోన్ మీద కనబడటం, ఒక పొట్టి నంబరు నొక్కితే దగ్గర్లోని కేంద్రానికి తిప్పటం, ప్రతి కాల్ కూ విడిగా లెక్క రాయటం అన్నీ ఇట్లా సంకేతాలను వేరుచెయ్యటం వల్ల వచ్చినవే. దీని మంచీ చెడూ కిందికి వస్తాయి.

ఐ.యస్.డి.యన్. కు రెండు బలహీనతలు వుండేవి. రాగి తీగ సుమారు అయిదున్నర కిలోమీటర్లు దాటితే అది పనిచెయ్యదు. మామూలు ఫోన్ కు కావాల్సిన కరెంటును ఎక్స్ఛేంజిలో వున్న 48 వోల్టుల బ్యాటరీయే తీగ మీదుగా పంపుతుంది కాబట్టి, ఊళ్లో కరెంటు పోయినా ఫోన్ మోగుతుంది. ఐ.యస్.డి.యన్. పెట్టెకు మాత్రం ఇంట్లో కరెంటు కావాలి. ఈ రెండూ చాలు అది ఎవరికోసం పుట్టిందో చెప్పటానికి. పల్లెలకు చేసిన చిన్న ఎక్స్ఛేంజీలు మాట కోసం చేసినవి. ఐ.యస్.డి.యన్. ను నగరాల పెద్ద ఎక్స్ఛేంజీల నుంచే ఇచ్చారు. బ్యాంకులు, పత్రికాఫీసులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు తీసుకున్నాయి. తర్వాత బ్రాడ్‌బ్యాండ్ రావటంతో అది ఇళ్లలో కనబడకుండానే వెనక్కి పోయింది. అయినా ఆ ఆలోచన చచ్చిపోలేదు, ఇప్పుడు మన చేతిలో వున్న ఫోన్ లో నడిచేది దాని వారసుడే.

షడ్భుజి, రెవెన్యూ గ్రామం, వాడ

ఇక మన సంగతి. 1980ల మొదట్లో టెలిఫోన్ శాఖ దేశాన్ని తేనెపట్టులాగా షడ్భుజులుగా కోసింది. ఒక్కో భుజం 5 కిలోమీటర్లు. ప్రతి షడ్భుజికీ ఒక పబ్లిక్ ఫోన్ ఇస్తే పల్లె మనిషి 5 కిలోమీటర్లకు మించి నడవక్కర్లేదని లెక్క. గణితం బాగుంది. ఆ షడ్భుజి మధ్యలో ఏ ఊరుంది, ఆ ఊళ్లో ఏ వీధి వుంది అన్నది గణితానికి పట్టదు. 1994 టెలికాం విధానం 1997కల్లా అన్ని గ్రామాలకూ ఫోన్ అని ప్రకటించింది. 1999 విధాన పత్రంలో ప్రభుత్వమే ఒప్పుకున్నది, 6 లక్షల గ్రామాల్లో 3 లక్షల 10 వేలకు మాత్రమే ఇచ్చామని. గ్రామీణ ప్రాంతంలో నూరుమందికి 0.4 ఫోన్లు వున్నాయని కూడా అందులోనే వుంది. అంటే 250 మందికి ఒక ఫోన్.

ఇచ్చామన్న ఊళ్లలో కూడా లెక్క ఎట్లా వేశారో చూడాలి. గ్రామం అంటే జనాభా లెక్కల్లోని రెవెన్యూ గ్రామం. రెవెన్యూ గ్రామంలో ఒక ఫోన్ పెడితే ఆ గ్రామం "కవర్" అయినట్టే. ఊరికి అర కిలోమీటరు అవతల, చెరువు కిందో, డొంక పక్కనో వున్న మాలపల్లె, మాదిగవాడ విడి గ్రామం కాదు కాబట్టి దానికి విడి లెక్క లేదు. ఫోన్ ను ఎక్కువగా పంచాయతీ ఆఫీసులోనో, పోస్టు నడిపే వాళ్లింట్లోనో, ఊరిపెద్ద అరుగు మీదో పెట్టేవాళ్లు. పేరు పబ్లిక్ టెలిఫోన్. ఆ అరుగెక్కే హక్కే లేని పబ్లిక్ సంగతి ఏ విధాన పత్రంలోనూ లేదు.

దీని అర్థం 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు చూసిన రాష్ట్రంలో వేరే చెప్పాల్నా? దాడి చేసేవాళ్ల వీధిలోనే ఫోన్ వుంటే, దాడికి గురయ్యేవాళ్లకు అది వున్నా లేనట్టే. 1989 అత్యాచారాల నిరోధక చట్టం, దాని 1995 నియమాలు వెంటనే కేసు రాయాలని, అధికారులు వెంటనే రావాలని చెబుతాయి. వెంటనే కబురందే దారి వుంటుందని ఆ నియమాలు ఊహించుకున్నాయి.

సాంకేతికంగా కూడా పల్లెకు వచ్చింది పాత సరుకే. మార్ అనే రేడియో పద్ధతిలో 15 గ్రామాల ఫోన్లకు రెండే రేడియో దారులుండేవి. రెండు ఊళ్లవాళ్లు మాట్లాడుతుంటే మిగతా పదమూడు ఊళ్లవాళ్లు ఆగాల్సిందే. అది అనలాగ్ పద్ధతి, డేటాకు పనికిరాదు. బ్యాటరీ పాడైతే, స్తంభం వంగితే నెలల తరబడి మూగగా పడివుండేది. నగరంలో రెండు బి-చానెళ్లు ఒకే ఇంటికి ఇస్తున్న ఏళ్లలోనే పదిహేను ఊళ్లు రెండు దారుల కోసం కాచుక్కూర్చున్నాయి. 2002 నుంచి సార్వత్రిక సేవా నిధి వచ్చాక వీటిని మారుస్తూ పోయారు.

యస్.టి.డి. బూత్ ఈ పరిస్థితిని కొంత బద్దలుకొట్టిందని ఒప్పుకోవాలి. డిజిటల్ ఎక్స్ఛేంజి వల్లే అది సాధ్యమైంది. ప్రతి కాల్ కూ లెక్క అక్కడికక్కడే పడుతుంది కాబట్టి డబ్బిచ్చినవాళ్లెవరైనా మాట్లాడొచ్చు. మండల కేంద్రం బస్టాండులో వున్న బూత్ కు కులం అడిగే పనిలేదు. దాని యజమాని గల్లాపెట్టె చూసుకుంటాడు. ఊరు ఇవ్వని మర్యాద బజారు ఇచ్చిందని సంబరపడటానికి మేము సిద్ధంగా లేం గాని, గల్ఫ్ కు పోయిన కొడుకుతో తల్లి మాట్లాడింది అక్కడే. ఆ అద్దాల గది విలువ తెలియనిది కాదు.

కందకం, కుర్చీ

కేబుల్ నేలలోకి తనంతట తాను పోదు. ఆప్టికల్ ఫైబర్ వెయ్యటానికి టెలిఫోన్ శాఖ పెట్టుకున్న కొలత 165 సెంటీమీటర్ల లోతు. దాదాపు మనిషెత్తు గొయ్యి, కిలోమీటర్ల పొడవున. పాలమూరు నుంచి వలసపోయిన కూలీలు ఈ కందకాలు తవ్వారు. వాళ్లలో మాదిగలు, మాలలు, లంబాడాలు, వెనకబడిన కులాలవాళ్లు వున్నారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, మీటరుకింత అని లెక్క మీద పనిచేశారు. దేశ సమాచార విప్లవ చరిత్రలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వున్నాడు, గడ్డపార లేదు.

శాఖలో కూడా ఏళ్లతరబడి రోజుకూలీ మీద పనిచేసిన మజ్దూర్లు వుండేవాళ్లు. తపాలా, తంతి శాఖల క్యాజువల్ కార్మికుల కేసులో 1987 అక్టోబరులో సుప్రీంకోర్టు, వాళ్లకు రెగ్యులర్ ఉద్యోగుల కనీస జీతంతో సమానంగా ఇవ్వాలని, పర్మనెంటు చెయ్యటానికి పథకం తయారుచెయ్యాలని చెప్పింది. 1989లో టెలికాం శాఖ ఆ పథకం తెచ్చింది. లైన్ మన్ కొడుకు లైన్ మన్ గా కాక టెక్నీషియన్ గా, జూనియర్ ఇంజనీరుగా వచ్చిన కుటుంబాలు మనలో వున్నాయి. కేంద్ర ప్రభుత్వ సర్వీసుల్లో యస్.సి.లకు 15 శాతం, యస్.టి.లకు 7.5 శాతం వుండటం వల్ల టెలిఫోన్ ఆఫీసు మొదటి తరం చదువుకున్న దళితులకు తలుపు తెరిచిన చోట్లలో ఒకటైంది.

డిజిటల్ ఎక్స్ఛేంజి ఆ తలుపును ఇరుకు చేసింది. నూనె పెట్టే పని పోయింది. తప్పెక్కడుందో యంత్రమే చెబుతుంది. కార్డు పీకి ఇంకో కార్డు పెడితే సరి. ఆపరేటర్ల బల్లలు ఖాళీ అయ్యాయి. దీనికి యంత్రాన్ని తిట్టి లాభం లేదు. పని తగ్గటం మంచిదే, మిగిలిన పని ఎవరికిస్తున్నారన్నదే ప్రశ్న. 2000 అక్టోబరు 1న శాఖ బి.యస్.యన్.ఎల్. అనే కంపెనీ అయింది. 2020 జనవరి 31న ఒక్కరోజున స్వచ్ఛంద విరమణ కింద సుమారు 78 వేలమంది ఆ కంపెనీ నుంచి బయటికొచ్చారు. ఆ పని మాయం కాలేదు. కాంట్రాక్టర్లకు, ప్రైవేటు కంపెనీలకు పోయింది. అక్కడ రిజర్వేషన్ లేదు. స్పెక్ట్రం ప్రజల ఆస్తి, దాన్ని వేలంలో పాడుకున్న కంపెనీకి నియామకాల్లో సామాజిక బాధ్యత లేదనటం ఏ న్యాయం?

మాటకు ఒక న్యాయం, డేటాకు ఒక న్యాయం

వలకు మాటా డేటా ఒకటేనని చెప్పాం. చట్టానికి ఒకటి కావు. ఇది కార్యకర్తలు బాగా తెలుసుకోవాల్సిన విషయం. అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం కులం పేరుతో అవమానించటం నేరం కావాలంటే అది "ప్రజల దృష్టిలో పడే" చోట జరగాలి. 2020లో పంజాబ్, హర్యానా హైకోర్టు, ఫోన్ లో ఇద్దరి మధ్య నడిచిన మాటలు బయటివాళ్లెవరూ వినలేదు కాబట్టి అవి ప్రజల దృష్టి కిందికి రావని చెప్పి కేసు కొట్టేసింది. 2022లో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ లో పెట్టిన వీడియో విషయంలో వేరేగా చెప్పింది. జనం చూసిన ప్రతిసారీ బాధితులు అక్కడున్నట్టే లెక్క, అది ప్రజల దృష్టిలోనిదే అన్నది. అవే అంకెలు, అదే తిట్టు. ఒక చెవికి పోతే నేరం కాదు, పదిమంది కళ్లకు పడితే నేరం. ఫోన్ లో తిట్టినప్పుడు పక్కన ఎవరున్నారు, స్పీకర్ మీద ఎవరు విన్నారు అన్నది ఫిర్యాదులో రాయించటం అందుకే ముఖ్యం.

సాక్ష్యం విషయంలో డి-చానెల్ దారి మనకు పనికొస్తుంది. ఎవరు ఎవరికి ఎన్ని గంటలకు ఫోన్ చేశారన్న రికార్డు ఎక్స్ఛేంజిలో వుంటుంది. పోలీసు స్టేషనుకు రాత్రి పదింటికే ఫోన్ చేశామని బాధితులంటే, చెయ్యలేదని స్టేషనువాళ్లంటే, ఆ రికార్డు తేలుస్తుంది. దాన్ని కోర్టు తీసుకోవాలంటే ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో అది 63వ సెక్షన్. కంపెనీలు ఈ రికార్డులను ఎల్లకాలం దాచవు. కాబట్టి భద్రపరచమని తొందరగా అర్జీ పెట్టించాలి. అదే రికార్డు, సమాచారమిచ్చిన కూలిమనిషి నంబరును కూడా పట్టిస్తుందని మరవొద్దు.

2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం అత్యాచారాల ఫిర్యాదులకు 14566 అనే ఉచిత నంబరు పెట్టింది. ప్రతి ఫిర్యాదుకూ ఒక డాకెట్ నంబరు ఇస్తారు. ఆ నంబరు రాసిపెట్టుకోండి. సంకేతాల వల లేకపోతే ఇట్లాంటి పొట్టి నంబరు సాధ్యమయ్యేది కాదు.

ఇప్పుడు తీగ ఎక్కడుంది?

ఐ.యస్.డి.యన్. లో ఒక కాల్ కు 64 వేల బిట్ల దారిని కేటాయిస్తే మనం మౌనంగా వున్నా అది మనదే, ఇంకెవరూ తొక్కరు. ఇప్పటి 4జి వలలో మాట కూడా డేటా పొట్లాలుగా విడిపోయి క్యూలో నిలబడుతుంది. జాగా వృథా కాదు గాని రద్దీలో పొట్లాలు ఆగిపోతాయి. మాటకు క్యూలో ముందు చోటిస్తారు, రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషనుకు ఇవ్వరు. సిగ్నల్ అందని వాడ అంచున డీలరు మిషను ఎత్తిపట్టుకుని తిరగటం, ముసలమ్మ బియ్యం సంచితో ఎదురుచూడటం దీని ఫలితమే.

2011లో ఆమోదం పొంది, తర్వాత భారత్‌నెట్ అని పేరు మార్చుకున్న పథకం ఫైబర్ ను గ్రామ పంచాయతీదాకా తెచ్చింది. షడ్భుజి పోయి పంచాయతీ వచ్చింది. తీగ చివర వుండే పెట్టె పంచాయతీ ఆఫీసులోనో ప్రభుత్వ భవనంలోనో వుంటుంది. ఆంధ్రప్రదేశ్ లో 2017 డిసెంబరులో ప్రారంభించిన ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. నెలకు 149 రూపాయలకు ఫోన్, టీవీ, ఇంటర్నెట్ అన్నారు. 1984లో జెనీవాలో రాసుకున్న కల ముప్ఫై మూడేళ్లకు వచ్చిందన్నమాట. కరెంటు స్తంభం వున్న ప్రతి కాలనీకీ ఫైబర్ కు దారి వున్నట్టే కాబట్టి "స్తంభాలు లేవు" అన్న సాకు అక్కడ చెల్లదు. తెలంగాణలో టి-ఫైబర్ మిషన్ భగీరథ మంచినీళ్ల పైపులతో పాటు వేసిన గొట్టాల్లో నడుస్తుంది. నీళ్ల పైపు వాడదాకా వచ్చి, ఫైబర్ గొట్టం ఊరి మధ్యనే ఆగితే ఆ తేడాను కొలతటేపు పట్టుకుని చూపించొచ్చు.

అడగాల్సినవి సూటి ప్రశ్నలు. పంచాయతీలో ఫైబర్ పెట్టె ఏ భవనంలో వుంది, అది ఎన్ని నెలలు పనిచేసింది, దాని నుంచి ఇచ్చిన కనెక్షన్లెన్ని, వాటిలో యస్.సి., యస్.టి. కాలనీల్లో వున్నవెన్ని, ప్రభుత్వ బడికి వుందా, కాలనీకి దగ్గర్లోని చివరి స్తంభం లేదా గొట్టం ఎంత దూరంలో వుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద కేంద్ర సంస్థలకు దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖ కింద వున్నవాళ్లకు ఉచితం. గ్రామ పంచాయతీకి పెట్టే దరఖాస్తుకు మన రెండు రాష్ట్రాల్లోనూ ఫీజు లేదు. జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తులో "గ్రామం" అని మాత్రమే రాస్తే ఊరి లెక్కే వస్తుంది, కాలనీ పేరు విడిగా రాయండి.